రెండు అధ్యాయాల మధ్య గోడ: విడాకులు, పనిచోటి వేధింపులపై తెలుగు న్యాయసలహా రచన

విడాకుల గురించి, పనిచేసే చోట లైంగిక వేధింపుల గురించి తెలుగులో న్యాయసలహా రచనలకు కొరత లేదు. పత్రికల్లో ప్రశ్న-జవాబు శీర్షికలు, మహిళా సంఘాల కరపత్రాలు, న్యాయవాదులు రాసిన చిన్న పుస్తకాలు దాదాపు ఒకే మూసలో నడుస్తాయి. విడాకులకొక అధ్యాయం, ఉద్యోగస్థలానికి మరొకటి; ప్రతిదానిలో కొన్ని సెక్షన్లు, కొన్ని గడువులు, దరఖాస్తు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పే రెండు వాక్యాలు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న పాఠకురాలికి ఇవి అక్కరకు రాలేదని ఎవరూ అనలేరు. అయితే ఈ రచనలన్నిటి అడుగున పైకి చెప్పని ఊహ ఒకటుంది. చదివే మనిషి పెళ్ళి, ఉద్యోగం, నివసించే హక్కు ఒకే దేశపు చట్టం కింద ఉంటాయన్నది ఆ ఊహ. దోహాలోని అల్ మన్సూరాలో కూర్చుని చదివితే అది మొదటి పేజీలోనే కూలిపోతుంది.

నజ్మా పక్కన, మెట్రో గ్రీన్ లైన్ మొదలయ్యే చోట ఉన్న పేట అది. ఇరుకు వీధులు, అపార్టుమెంట్లు, ఎక్కువగా దక్షిణాసియా కుటుంబాలు. అక్కడి ఫ్లాటులో ఒక తెలుగు జంటను ఊహించుకుందాం. పెళ్ళి రాజమహేంద్రవరంలో జరిగింది. భర్త ఇంజినీరు. భార్య అతని స్పాన్సర్‌షిప్ మీద వచ్చి, ఆ తరవాత వర్క్ పర్మిట్ తీసుకుని ఒక స్థానిక సంస్థలో అకౌంట్లు చూస్తోంది. ఇంట్లో కాపురం చెడింది. ఆఫీసులో పైఅధికారి ప్రవర్తన భరించరానిదిగా ఉంది. మన పుస్తకాలు ఆమెకు ఏం చెబుతాయి?

విడాకుల అధ్యాయం 1955 నాటి హిందూ వివాహ చట్టంతో మొదలవుతుంది. (తెలుగువారంటే హిందువులే అన్నట్టు రాయడం ఈ రచనల పాత అలవాటు. క్రైస్తవ దంపతులకు 1869 నాటి విడాకుల చట్టం వేరే ఉందన్న మాట ఏ అడుగునో కనిపిస్తుంది.) భారతదేశంలో స్థిరనివాసం, అంటే డొమిసైల్, ఉన్న హిందువులు దేశం వెలుపల ఉన్నా ఈ చట్టం వర్తిస్తుందని మొదటి సెక్షనే చెబుతోంది. ఉద్యోగం ఉన్నంతకాలమే ఉండనిచ్చే ఖతార్‌లో డొమిసైల్ మారిందని వాదించడం కష్టం. కనుక చట్టం ఆమె వెంటే ఉంది. కోర్టు మాత్రం వెంట రాదు. పంతొమ్మిదో సెక్షను ప్రకారం పిటిషన్ వేయగల చోట్లు పెళ్ళి జరిగిన ఊరు, ప్రతివాది నివసించే ఊరు, ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న ఊరు, పిటిషన్ వేసేది భార్య అయితే ఆమె నివసించే ఊరు. ప్రతివాది దేశం వెలుపల ఉంటే పిటిషనర్ నివసించే ఊరు కూడా చెల్లుతుంది. ఇద్దరూ దోహాలోనే ఉండగా వీటిలో మిగిలేది మొదటిదొక్కటే. ముహూర్తానికి ఏ కల్యాణమండపం ఖాళీగా దొరికిందో దాన్నిబట్టి పదేళ్ళ తరవాత ఏ ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కాలో తేలుతుందన్నమాట. ఆ సంగతి ముందే చెప్పిన పుస్తకం నాకు కనబడలేదు.

పరస్పర అంగీకారంతో విడిపోవాలంటే ఏడాదిపాటు విడిగా జీవించి ఉండాలి. ‘విడిగా’ అంటే వేరే ఇంట్లో అని మన శీర్షికలు అలవోకగా రాసేస్తాయి. అద్దెల మూలంగా రెండో ఇల్లు పెట్టలేని ఊళ్ళో ఈ పొరపాటు ఖరీదైనది. భార్యాభర్తలుగా జీవించకపోవడమే విడిగా ఉండడమని, ఒకే కప్పు కింద ఉన్నా అది సాధ్యమేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పిటిషన్ వేశాక ఆగవలసిన ఆరు నెలలను తగిన పరిస్థితుల్లో తగ్గించవచ్చని 2017లో మరో తీర్పు వచ్చింది. స్వయంగా రాలేనివారు వీడియో ద్వారా హాజరు కావచ్చని, తల్లిదండ్రులో తోబుట్టువులో వారి తరఫున నిలబడవచ్చని అందులోనే ఉంది. ఆరు నెలల మాట అందరూ రాశారు. దూరదేశంలో ఉన్నవారికి అసలు పనికొచ్చే రెండోమాట చాలామంది వదిలేశారు.

ఇంతకన్న పెద్ద అపార్థం జస్టిస్ పి.బి. సావంత్ 1991లో రాసిన తీర్పు విషయంలో జరిగింది. అది తెలుగు దంపతుల కథే. 1975లో తిరుపతిలో పెళ్ళి; 1980లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రపు కోర్టులో భర్త పొందిన విడాకులు; 1981లో అతని రెండో పెళ్ళి; దానిపై ద్విభార్యాత్వ కేసు. ఆ విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు తేల్చింది. ‘విదేశీ విడాకులు చెల్లవు’ అని మన రచనలు అక్కడితో కథ ముగిస్తాయి. తీర్పు అక్కడితో ముగియలేదు. ప్రతివాది స్థిరంగా నివసించే చోట దంపతుల సొంత వివాహచట్టం ఒప్పుకునే కారణం మీద విడాకులు వచ్చినా, ప్రతివాది స్వచ్ఛందంగా హాజరై దంపతుల సొంత వివాహచట్టంలోని కారణం మీదే వాదించినా, విడాకులకు స్వయంగా సమ్మతించినా ఆ డిక్రీని గుర్తించవచ్చని చెప్పింది. ఖతార్‌లో 2006 నాటి కుటుంబ చట్టం, ముస్లిమేతరులకు వారి నియమాలే వర్తింపజేసే వీలు కల్పిస్తోంది. కనుక దోహా డిక్రీ పుట్టుకతోనే చెల్లనిదని అనడానికి లేదు. ఎవరు వేశారు, ఏ కారణం మీద, రెండోవారు ఒప్పుకున్నారా లేదా అన్నవి చూడాలి. ఏకపక్షపు డిక్రీ నుంచి భార్యను కాపాడటానికి రాసిన తీర్పును ఇద్దరూ ఒప్పుకున్న డిక్రీకి అడ్డుగోడగా చదవడం మన సలహా రచనలు చేసిన అపచారం.

వేధింపుల అధ్యాయంలో చిక్కు భాషతోనే మొదలవుతుంది. రాజస్థాన్‌లో భన్వరీ దేవిపై 1992లో జరిగిన అత్యాచారం, 1997 నాటి విశాఖ తీర్పు, వాటి ఫలితమైన 2013 చట్టం అందరూ చెప్పే కథే. ఆ చట్టానికి ఆయువుపట్టు ఒక విశేషణం: ఆ చర్య ఆమె కోరనిదై ఉండాలి. మన రచనలు దీన్ని ‘అసభ్య ప్రవర్తన’ అని తెనిగిస్తాయి. అసభ్యమా కాదా అన్నది సభ నిర్ణయిస్తుంది. కోరిందా లేదా అన్నది ఆమె నిర్ణయిస్తుంది. కాదన్న తరవాత కూడా ఒంటరిగా భోజనానికి రమ్మని నెలల తరబడి అడగడంలో అసభ్యపదం ఒక్కటీ ఉండకపోవచ్చు. చట్టం ఆమె చేతిలో పెట్టిన కొలబద్దను అనువాదం మళ్ళీ సభ చేతికి ఇచ్చేసింది.

విచిత్రమేమిటంటే ఈ తప్పు అనువాదం దోహా చట్టానికి సరిగ్గా అతుకుతుంది. 2004 నాటి ఖతార్ కార్మిక చట్టంలో లైంగిక వేధింపుకు విడిగా నిర్వచనం లేదు. యజమానిగాని, బాధ్యుడైన మేనేజరుగాని ఉద్యోగి మీద చేయిచేసుకున్నా, నీతిబాహ్యమైన పని చేసినా, నోటీసు లేకుండా మానేసి గ్రాట్యుటీ తీసుకోవచ్చని యాభై ఒకటో అధికరణం చెబుతోంది. తోటి ఉద్యోగి ప్రస్తావన అందులో లేదు. శిక్షాస్మృతిలో ఉన్నది మాటలతోనో సైగలతోనో స్త్రీ గౌరవానికి భంగం కలిగించడమనే నేరం. రెండిట్లోనూ కొలబద్ద సభ్యతే. పైగా వివాహేతర లైంగిక సంబంధం అక్కడ నేరం. పాత సందేశాలన్నీ జతచేసి పోలీసుల దగ్గరకు వెళ్ళమని ఇక్కడి శీర్షిక ఇచ్చే సలహా అక్కడ ఫిర్యాదుదారు మెడకే చుట్టుకోవచ్చు. ముందుగా స్థానిక న్యాయవాది చూడవలసిన కాగితాలవి.

2013 చట్టం దోహాకు బొత్తిగా రాదా? ఉద్యోగరీత్యా వెళ్ళిన ఏ చోటైనా పనిస్థలమేనని దాని నిర్వచనం. భారతీయ సంస్థ పంపగా వచ్చిన ఉద్యోగిని మూడు నెలల గడువులో ఆ సంస్థ అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేసి వాదించడానికి చోటుంది. మనం ఊహించుకున్న మనిషిది స్థానిక సంస్థ. ఆమెకు ఆ దారి లేదు. వేధించినవాడు భారత పౌరుడైతే మరో దారి ఉంది. భారతీయ న్యాయ సంహిత విదేశంలో మన పౌరులు చేసిన నేరాలకూ వర్తిస్తుంది. అయితే విచారణ నడవాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. బోట్స్వానాలో కాపురమున్న మరో తెలుగు జంట వరకట్న కేసులో, పాత స్మృతి ప్రకారం, దర్యాప్తుకు ఈ అనుమతి అవసరం లేదని, విచారణకే అవసరమని 2011లో సుప్రీంకోర్టు విడమరిచింది. పోలీసు స్టేషనులో ‘అనుమతి తెచ్చుకోండి’ అని వెనక్కి పంపబోతే చూపవలసిన తీర్పు అది.

ఇక రెండు అధ్యాయాల మధ్య గోడ సంగతి. ఆమె నివాసానుమతి భర్త స్పాన్సర్‌షిప్ మీద ఉంది. ఉద్యోగం మానేస్తే దేశంలో ఉండవచ్చు, కానీ భర్త నీడన. విడాకులు తీసుకుంటే ఆ నీడ పోతుంది. ఉండాలంటే మరో స్పాన్సర్ కావాలి. చేతికి అందేది ప్రస్తుత యజమానే, అంటే ఏ ఆఫీసు నుంచి తప్పించుకోవాలనుకుంటోందో ఆ ఆఫీసే. ఒక అధ్యాయం చూపే బయటిదారి రెండో అధ్యాయపు గదిలోకి తెరుచుకుంటోంది. పిల్లల అనుమతులు సాధారణంగా తండ్రి మీదే ఉంటాయి కాబట్టి ముడి ఇంకా బిగుస్తుంది. ఆమె సొంతంగా యజమాని వీసా మీద వచ్చిన మనిషైతే లెక్క తిరగబడుతుంది. భర్తతో తెగినా నివాసం నిలుస్తుంది, పైఅధికారి మీద ఫిర్యాదుకే అది ఊగుతుంది. 2020 నుంచి పాత యజమాని నిరభ్యంతర పత్రం లేకుండా ఉద్యోగం మారే వీలు వచ్చింది కనుక ఈ రెండో స్థితిలో కొంత ఊపిరాడుతుంది. మొదటి స్థితిలో ఉన్నవారు పిటిషనుకన్న, ఫిర్యాదుకన్న ముందు మరో ఉద్యోగం, దానితోపాటు స్పాన్సర్‌షిప్ మార్పు చూసుకోవాలి. సెక్షన్ల వరసలో ఈ క్రమం ఎక్కడా దొరకదు. దోహా నుంచి ఉత్తరం రాసిన పాఠకురాలిని సలహాదారు మొదట అడగవలసింది పెళ్ళి తేదీ కాదు, ఆమె నివాసానుమతి మీద స్పాన్సరుగా ఎవరి పేరుందో.