సౌరఫలకముల నీడలో స్ట్రాబెరి: కృష్ణా డెల్టాకు తగునా?

ఒకే పొలములో పైన విద్యుత్తును, క్రింద పంటను పండించవచ్చునను మాట తరచుగా వినవచ్చుచున్నది. ఈ ఆలోచనను జర్మనీ శాస్త్రజ్ఞులు గోట్జ్‌బెర్గర్, జాస్ట్రో 1981లో ప్రతిపాదించిరి. ఫలకములను తగినంత ఎత్తున, ఎడమెడముగా నిలిపినచో క్రింది మొక్కలకు చాలినంత వెలుతురు అందునని వారి వాదము. విదేశములలో ఫలకముల క్రింద కాయుచున్న స్ట్రాబెరి దీనికి ఉదాహరణగా చూపబడుచున్నది. ఆలోచన మంచిదే. కాని విజయవాడ పరిసరములకు దీనిని తెచ్చుటకు ముందు రెండు ప్రశ్నలు వేయవలెను. లాభమును ఎట్లు కొలుచుచున్నారు? నీడ ఏ మొక్కకు మేలు చేయును?

మొదట కొలత. జర్మనీలోని హెగెల్‌బాక్ క్షేత్రములో సుమారు 5 మీటర్ల ఎత్తున 194 కిలోవాట్ల ఫలకములను అమర్చిరి. 2017లో వాటి క్రింద బంగాళాదుంప, గోధుమ దిగుబడులు 18, 19 శాతము తగ్గినవి. అయినను విద్యుత్తును కూడ కలిపి, భూమి వినియోగము 160 శాతమని లెక్కకట్టిరి. లెక్క తప్పు కాదు. కాని ఆ ఒక్క అంకెలో పంట నష్టము కనబడదు. ఎండ తీవ్రమై వానలు లోపించిన 2018లో అదే పొలమున బంగాళాదుంప 11 శాతము, గోధుమ 3 శాతము ఎక్కువ పండినవి. అనగా నీడ ప్రధానముగా మేలు చేసినది నీరు చాలని ఏటనే. కాలువ నీరు పారు డెల్టాకు ఈ ఫలితమును అట్లే అన్వయింపరాదు.

ఇక స్ట్రాబెరి. ఈ మొక్క పూమొగ్గ తొడుగుటకు పగలు పొట్టిగా ఉండవలెను, వాతావరణము చల్లగా ఉండవలెను. సామాన్య రకములలో ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెంటీగ్రేడు దాటినచో మొగ్గ ఏర్పడుట కుంటుపడును. మన రాష్ట్రమున లంబసింగి కొండలలో ఈ పంట పండుటకు కారణము ఆ ఎత్తున లభించు చలియే. విజయవాడలో శీతకాలపు పగలు పొట్టిదే; కాని జనవరిలో సైతము పగటి వేడి 30 డిగ్రీలకు చేరును, రాత్రి సగటున 18, 19 డిగ్రీలకు దిగువకు పోదు. ఫలకము పగటి ఎండను ఆపును, నిజమే. రాత్రివేళ నేల తన వేడిని ఆకాశమునకు విడిచి చల్లబడును. ఫలకము ఆ వేడికి కూడ కొంత అడ్డుపడును. పగలు గొడుగైనది రాత్రి దుప్పటి యగును. కనుక పంట పూర్తిగా అసాధ్యము కాకున్నను, నీడ ఒక్కటే కొండచలిని తీసుకొనిరాదు.

వరి మాటేమి? ఎండలో కొంత భాగము మొక్కకు ఎట్లును వ్యర్థమే యని కొందరందురు. పైయాకు ఒక్కదాని విషయమున అది నిజము. కాని చేనిలో క్రింది యాకులు పైయాకుల నీడలో ఉండి వెలుతురుకై వేచియుండును. చేను మొత్తము ఎండను వినియోగించుకొనును. సార్వాలో మబ్బుల వలన ముందే వెలుతురు తక్కువ. వెన్ను ఏర్పడినది మొదలు గింజ పాలుపోసుకొను వరకు ఆ కొరత దిగుబడిని తగ్గించును. అట్టిచోట ఫలకములు దట్టముగా నిలిపినచో సారవంతమైన మాగాణి పేరునకు మాత్రమే పొలముగా మిగులును.

నీడలో సేద్యము డెల్టా రైతుకు కొత్త కాదు. తమలపాకు తోటలో అవిసె చెట్లు తీగకు ఆధారము, నీడ రెండును ఇచ్చును. కొబ్బరి తోటలలో పసుపు, కంద అంతరపంటలుగా వచ్చును. ఫలకముల క్రింద ముందుగా పరీక్షింపదగినవి ఇవియే. పరీక్షలో ప్రక్కనే నీడలేని మడి ఒకటి తప్పక ఉండవలెను. పంట తూకమును, విద్యుత్తును వేరువేరుగా చూపవలెను.

రాత్రి వేడిని గూర్చిన మాటను పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. మబ్బులేని జనవరి రాత్రి ఒక థర్మామీటరును తాటాకు పందిరి క్రింద, మరొకదానిని ఆరుబయట, నేలకు ఒకే ఎత్తున ఉంచి, తెల్లవారుజామున రెండింటిని చదివి పోల్చిన చాలును.