మాటు వేసినవాడి పనితనం

మేజర్ మళ్ల రామ్‌గోపాల్ నాయుడుది శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం నగిరిపెంట. కోటబొమ్మాళి, టెక్కలి వైపు వాళ్లకు మనూరి కుర్రాడి కిందే లెక్క. 2023 అక్టోబరు 26న కశ్మీర్‌లోని కుప్వారా జిల్లా మాచిల్ సెక్టార్‌లో, నియంత్రణ రేఖ దాటి వస్తున్న సాయుధ ముఠాను తన జట్టుతో అడ్డుకున్నారు. ఆ ఆపరేషన్‌లో ఐదుగురు చొరబాటుదారులు హతమయ్యారు. మరుసటి ఏడాది స్వాతంత్ర్య దినోత్సవం ముందురోజు ఆయనకు కీర్తి చక్ర ప్రకటించారు. శాంతికాలంలో చూపిన సాహసానికి అశోక చక్ర తర్వాత మన దేశం ఇచ్చే గౌరవం అదే.

ఇలాంటి కథ చెప్పేటప్పుడు మనవాళ్లు తుపాకీ పేలిన చోట మొదలుపెడతారు. అక్కడికి పని సగం పైగా అయిపోయి ఉంటుందని నా నమ్మకం. నాకు ఆశ్చర్యమనిపించేది అంతకు ముందరి పని.

అక్టోబరు నెలాఖరు అంటే మాచిల్ కొండల్లో మంచు ముంచుకొచ్చే కాలం. ఒకసారి గట్టిగా పడిందంటే కనుమలు మూసుకుపోతాయి. దాటదలచినవాళ్లు ఆలోపే దాటాలని తొందరపడతారు. కాపలా కాసేవాళ్లకు ఏడాదిలో నిద్ర కరువయ్యే రోజులివి. కంచె ఉంది కదా అనుకోవచ్చు. ఉంది, కానీ చాలాచోట్ల రేఖకు ఇవతలగా ఉంటుంది, ఏటా మంచు బరువుకు నలుగుతుంది, ఏటా బాగుచేసుకోవాలి. కంచె ఆలస్యం చేస్తుందంతే, ఆపాల్సింది మనిషే.

వాళ్లొస్తున్నారన్న కబురు అందినా, ఏ చెట్టు పక్కనుంచి వస్తారో అందులో ఉండదు. అది నేలను చూసి తేల్చుకోవాలి. బరువు మోస్తూ దాక్కుని నడిచేవాడు గట్టు మీదికెక్కడు, ఆకాశం ముందు ఆకారం తెలిసిపోతుంది కనుక. వాగు పట్టుకునో, చెట్ల నీడ పట్టుకునో దిగుతాడు. చేప ఏ పాయలో తిరుగుతుందో తెలిసి వల దించే మా భావనపాడు తీరపు వేటగాడిలా, మాటు వేసే అధికారి ఎదుటివాడి కాళ్లతో ఆలోచించాలి. ఆ తర్వాత ఒక్కో జవానుకూ హద్దులు చెప్పాలి: ఎడమకు ఫలానా బండ, కుడికి ఫలానా చెట్టు, ఆ మధ్యే నీ తుపాకీ తిరగాలి. ఆ గీత దాటితే గుండు తగిలేది తోటివాడికి. ఇద్దరిద్దరు చొప్పున జంటలు. వాటినే సైన్యంలో బడ్డీలంటారు. మాట ఉండదు, బీడీ ఉండదు, దగ్గొస్తే నోట్లో గుడ్డ కుక్కుకోవాలి. గంటల తరబడి అలా చలిలో పడుకుని, వేలు కొంకర్లు పోకుండా చూసుకోవాలి.

మాటులో మొదటి గుండు ఎప్పుడు పేలాలో నాయకుడే తేల్చాలి. తొందరపడితే వెనకున్నవాళ్లు అడవిలోకి జారుకుంటారు. ఆలస్యమైతే మన మధ్యలోకే వచ్చేస్తారు. ఆ రెంటికీ నడుమ ఉండేది కొన్ని అడుగుల దూరం, కొన్ని క్షణాల వ్యవధి. కశ్మీర్ లోయలోకి వెళ్లే యూనిట్లకు ముందుగా ఖ్రూలోని బ్యాటిల్ స్కూల్లో శిక్షణ ఉంటుంది. అక్కడ పద్ధతి నేర్పుతారు, ఆ క్షణం మాత్రం ఎవరికి వారే పట్టుకోవాలి.

గుండు పేలాక, ముందు వేసుకున్న పథకం సగం చెదిరిపోతుంది. బతికినవాడు రాతి చాటుకు దూరతాడు. అక్కడ తలల లెక్క పనిచేయదు. రాతి వెనక ఆటోమేటిక్ తుపాకీ, గ్రెనేడ్లు ఉన్న ఒక్కడు పదిమందిని నిలబెట్టేయగలడు. అతని దగ్గరకు పోయే దారి ఒక మనిషి పట్టేంతే. ముందు ఎవరు పోవాలి? మన సైన్యంలో ఈ ప్రశ్నకు జవాబు పాతదే: అధికారి. నాయుడు కాల్పుల మధ్యే ముందుకు జరిగి, దగ్గరి దూరంలో తలపడ్డారు. పైన చెప్పిన పనంతా తెలిసినవాడు, ఎంత ప్రమాదమో కొలిచి చూసినవాడు, అయినా వెళ్లాడు. ధైర్యమంటే నేను ఒప్పుకునేది దాన్నే.

ఆయన పనిచేసింది 56 రాష్ట్రీయ రైఫిల్స్‌లో. ఉగ్రవాదుల పని పట్టడానికి 1990లో ఏర్పడిన దళమది. 56వ బెటాలియన్‌కు పుట్టిల్లు మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ. శ్రీకాకుళం యాస మాట్లాడే మనిషి వెనక ఎక్కువగా మరాఠీ జవాన్లు. చేతి సైగతోనే నడిచే మాటులో ఒకరి మీద ఒకరికి అంత గురి కుదరాలంటే, ఆ సైగకు ముందు ఎన్ని నెలలు కలిసి తిరిగి ఉండాలో ఊహించుకోవాల్సిందే.

కీర్తి చక్ర 35 మిల్లీమీటర్ల వెండి బిళ్ల. నడుమ అశోక చక్రం, చుట్టూ తామరల దండ, ఆకుపచ్చ రిబ్బను మీద రెండు నారింజ గీతలు. 2024 ఆగస్టులో ఇది నలుగురికి ప్రకటించారు. నాయుడు కాక మిగతావాళ్లు కర్నల్ మన్‌ప్రీత్ సింగ్, రైఫిల్‌మన్ రవికుమార్, జమ్మూకశ్మీర్ పోలీసు డీఎస్పీ హుమాయూన్ భట్. ఆ ముగ్గురికీ మరణానంతరమే. ఛాతీకి తగిలించుకోగలిగింది నాయుడొక్కరే. 2025 మేలో రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా అందుకున్నారు.

మా జిల్లాలో తెల్లారకముందే రోడ్ల మీద 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లు ఊరూరా కనిపిస్తారు. సైన్యం ఎంపికలో దాన్ని ఐదున్నర నిమిషాల్లోపు ముగిస్తే పూర్తి మార్కులు. పరుగు సరే, రిటైరై ఊళ్లో ఉన్న సుబేదార్లు ఎవరైనా వారానికో పూట వాళ్లను కొండ పక్కకు తీసుకెళ్లి, మ్యాపు పరిచి, వాగు ఎటు పోతోంది, గట్టు ఎక్కడ లేస్తోంది అని చూపిస్తే బాగుంటుంది.