లొట్టి కల్లూ, సీసా కల్లూ

కల్లు రుచి గురించి ఆడవాళ్లు చదివే పేజీలో రాయడమేమిటని మా ఇంట్లోనే సణిగారు. ఎందుకు రాయకూడదండీ? ఆవకాయ మీద పేజీలకు పేజీలు రాసుకుంటాం కదా! జనగామ జిల్లా బచ్చన్నపేట వైపు ఎల్లమ్మ పండుగొస్తే కల్లు సాక పోయందే పూజ పూర్తికాదు. అమ్మవారికి పనికొచ్చింది మనకు పనికిరాకుండా పోతుందా?

చెట్టు దిగిన లొట్టిలోంచి పొద్దున్నే తాటాకు రేకలో పోస్తే తియ్యగా, లేత కొబ్బరినీళ్లకి అక్కగారిలా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పులుపు తిరిగి, నురగ పొంగి, నాలుక చివర చురుక్కుమంటుంది. సాయంత్రానికి ఘాటు. మర్నాటికి నోట పెట్టలేం. ఎవరూ ఏమీ కలపరు. దోసెలపిండి పులిసినట్టే, గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్టు చేసే పని అది. అన్నట్టు, లొట్టి లోపల సున్నం పూస్తే పులవకుండా ఆగుతుంది. దాన్నే నీరా అంటారు. చలికాలం ఈతకల్లు, ఎండలు ముదిరితే తాటికల్లు. తాటికల్లుది కాస్త మొరటు రుచి. నా ఓటు ఈతకే.

ఆ రుచి వెనక ఒక మనిషి ప్రాణముంది. మోకు బిగించి రోజూ చెట్టెక్కాలి, జారితే ఇల్లు వీధిన పడుతుంది. ఇదే జిల్లా ఖిలాషాపురం సర్వాయి పాపన్న గీతవాళ్లింట పుట్టినవాడే. 1708లో వరంగల్ కోట మీద పడి కొల్లగొట్టాడు. 1710లో మొగలుల చేతిలో చచ్చిపోయినా అతని కథ మాత్రం జనం నోట ఉండిపోయింది. తాడిచెట్టు ఎక్కేవాళ్లింటి బిడ్డకి కోటగోడ ఒక లెక్కా అనిపిస్తుంది నాకు.

ఇక సీసా కల్లు. చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట నీళ్లలో సాక్రిన్ వేసి, క్లోరల్ హైడ్రేటో డైజీపామో అల్ప్రాజోలమో కలిపి కల్లని అమ్మేస్తారు. పొద్దునా మాపునా ఒకటే తీపి, ఒకటే మత్తు. రుచి మారకపోవడమే దాని దొంగతనానికి సాక్ష్యం. చవగ్గా వస్తోంది కదా అని తాగేది మగవాళ్లే అనుకోకండి, నాట్లేసి నడుం విరిగిన ఆడవాళ్లూ తాగుతారు. 2015 సెప్టెంబరులో కల్తీని గట్టిగా అరికడితే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. తాగినందుకు కాదు, అది దొరకనందుకు! ఇంట్లో మనిషి పిచ్చిచూపులు చూస్తుంటే ఏ ఇల్లాలు మాత్రం ఏం చేస్తుంది?

పేదవాడి గొంతుమీద వ్యాపారం మన దగ్గరే కాదు. అమెరికాలో మాల్ట్ లిక్కర్ అని ఒక చవక సరుకుంది. బార్లీ మాల్టుకి మొక్కజొన్న, చక్కెర చేర్చి మత్తు పెంచిన బీరు. చేదు తక్కువ, తీపెక్కువ. 1991లో ‘పవర్‌మాస్టర్’ అని ఇంకా ఘాటైనదాన్ని నల్లవాళ్ల పేటల మీద గురిపెట్టి తేబోతే గోల లేచి, కంపెనీ వెనక్కి తీసుకుంది. అక్కడ పేచీ దాని బలం గురించి. మన సీసాలోనైతే అసలు కల్లే లేదు.

ఎప్పుడైనా బచ్చన్నపేట వైపు వెళ్లి రుచి చూడాలనిపిస్తే, చెట్టు కింద లొట్టి దిగేదాకా ఆగండి. పొద్దున ఒక గుక్క, మధ్యాహ్నం అదే లొట్టిలోంచి మరో గుక్క. రెండూ ఒకేలా ఉంటే మిగిలింది పారబోయండి.