వాన నీటిలోని పులుపు

వాన నీటికి సహజంగానే కొద్దిపాటి ఆమ్ల గుణం ఉంటుంది. పొగగొట్టం ఒక్కటీ లేని చోట కురిసిన వానకూ అది తప్పదు. పీహెచ్ కొలతలో 7 తటస్థం. అంతకు దిగువన ఆమ్లం, ఎగువన క్షారం. మబ్బులోని బొట్టు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుంటుంది. అందులో కొంత కార్బానిక్ ఆమ్లంగా మారడంతో పీహెచ్ 5.6 దగ్గరికి దిగుతుంది. మెరుపుల వేడికి గాలిలో నత్రికామ్లం పుడుతుంది. సముద్ర జీవులు, అగ్నిపర్వతాలు వదిలే గంధక వాయువులూ తోడైతే పీహెచ్ 5 దాకా తగ్గవచ్చు. మజ్జిగ పీహెచ్ సుమారు 4.5 కాబట్టి, ఈ పులుపు నాలుకకు తెలిసేది కాదు.

ఆమ్ల వర్షం వేరు. మాంచెస్టర్ గాలిని, వానను పరీక్షించిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1872లో ప్రచురించిన గ్రంథంలో దాన్ని వివరించాడు. అది బొగ్గు పొగలోని గంధకం తెచ్చిన చేటు. ఏటా తొలకరికి 'వాన నీరు ఆమ్లమట' అని జంకేవారు ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

అనంతపురం ప్రాంతంలోని కొత్తచెరువు వంటి మెట్ట సీమలో వాన సహజ పులుపు కూడా తరచు నిలవదు. ఎండిన నేలల దుమ్ములో సున్నం ఉంటుంది. జల్లు దాన్ని కడుగుతూ దిగేసరికి ఆమ్లం విరిగిపోతుంది. భారతదేశంలో చాలాచోట్ల వాన పీహెచ్ 5.6 కంటే ఎక్కువగా తేలడానికి ముఖ్య కారణం ఈ ధూళే.

అయినా వాన ఆమ్లం కథ అక్కడితో ముగియదు. వేళ్లు, సూక్ష్మజీవుల శ్వాస వల్ల మట్టిలోని గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంకే నీరు అక్కడ మళ్లీ పులుపెక్కి గ్రానైటు రాతిని మెల్లగా అరగదీస్తుంది. మెట్ట పొలాల ఎర్రమట్టి పుట్టింది ఇలాగే. ఈ క్రమంలో ఆమ్లం ఖర్చయిపోయి నీరు క్షారమవుతుంది. కాల్షియం సుద్దగా పేరుకుపోతే, రాతిలోని ఫ్లోరైడ్ నీటిలోకి ఎక్కువగా దిగుతుంది. అనంతపురం ప్రాంతపు బోర్లలో పలుచోట్ల అది లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. పళ్లపై గార, ఎముకల నొప్పులు దాని ఫలితమే.

కనుక భయపడవలసింది ఆమ్లగుణం ఉన్న వానకు కాదు, ఆ గుణం పోయి రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీటికి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే దిక్కైన సీమలో చెరువు పూడిక తీయాలన్న పాత మాటకు రసాయన శాస్త్రమూ సాక్ష్యమిస్తోంది: చెరువు నుంచి ఇంకే కొత్త నీరు బోర్లలోని ఫ్లోరైడ్‌ను పలుచబరుస్తుంది. ఇంటి మిద్దె నీటినైతే, తొలి జల్లును వదిలేసి సిమెంటు తొట్టిలో పట్టాలి. మిగిలిన కాస్త పులుపును తొట్టి గోడల సున్నమే విరిచేస్తుంది.