కర్రా, గుడ్డా, తీగా

తిరువూరులో వడ్రంగి కొట్టు ముందు చిత్రిక పొట్టు వాసన తగిలితే నాకు టైగర్ మాత్ గుర్తొస్తుంది. రెండంతస్తుల రెక్కల విమానం, అంటే బైప్లేన్. రెక్క ఎముకలు స్ప్రూస్ కర్ర, చర్మం నార గుడ్డ. ఆ గుడ్డను లాగి పరిచి, పక్కటెముకలకు దారంతో కుట్టి, డోపు అనే పూత పూస్తే ఆరేసరికి డప్పు తోలులా బిగుస్తుంది. రెక్కల నడుమ తీగల బిగువు సరిచూడడం మరో విద్య. ఎంత ముచ్చటైన పనితనం!

1933లో మన వైమానిక దళం తొలి స్క్వాడ్రన్ మొదలైంది నాలుగు వాపిటి బైప్లేన్లతోనే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బేగంపేటలో కుర్రాళ్లు టైగర్ మాత్‌ల మీదే ఎగరడం నేర్చారు. 1941లో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ చుక్కాని కదలకుండా చేసింది గుడ్డ కప్పిన స్వోర్డ్‌ఫిష్ బైప్లేనే!

జెట్లను పక్కన పెట్టమనను. వాటి సరసన బైప్లేన్‌కూ చోటివ్వమంటాను. గడ్డినేల మీద దిగుతుంది, చిరిగితే సూదీదారంతో బాగవుతుంది. వాన తెరిపిచ్చాక కట్టలేరు, బుడమేరు వాగుల ముంపు నిదానంగా చూసి రావాలంటే ఇంతకంటే ఏం కావాలి?

2012 వైమానిక దళ దినోత్సవాన బాగుచేసిన టైగర్ మాత్ మళ్లీ ఎగిరింది. అయ్యా, ఆ ఒక్కదానితో ఆపకండి. మా వడ్రంగుల, దర్జీల పిల్లలకు ఆ పని నేర్పండి.