సరమ ఫిర్యాదు

ప్రపంచంలో పేరుపడ్డ కుక్కల జాబితా ఎవరు రాసినా అందులో హచికో ఉంటుంది, లైకా ఉంటుంది, గ్రామఫోన్ ముందు తల ఓ పక్కకి వాల్చి కూర్చున్న నిప్పర్ ఉంటుంది. తెలుగువాళ్ళం రాస్తే ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన కుక్కని కూడా కలుపుతాం. బానే ఉంది. కానీ ఆ జాబితాల్లో నాకు ఎప్పుడూ కనపడని పేరు ఒకటుంది: సరమ. నన్నయ భారతం తెరిచీ తెరవగానే, ఇంకా పాండవులూ కౌరవులూ కథలోకి రాకముందే, ఒక ఆడకుక్క చక్రవర్తి దగ్గరికి వచ్చి నా కొడుకుని ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. తెలుగు సాహిత్యంలో మనకి దొరికిన మొదటి పెద్ద కావ్యం దాదాపు ఒక కుక్క ఫిర్యాదుతో మొదలవుతుందన్నమాట. ఈ విషయాన్ని మనం ఎందుకు ఇంత తేలిగ్గా దాటేస్తామో నాకు అర్థం కాదు.

కథ చిన్నదే. జనమేజయుడు కురుక్షేత్రంలో దీర్ఘసత్రం చేస్తుంటాడు. సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ ఆ చుట్టుపక్కలకి వస్తాడు. జనమేజయుడి తమ్ముళ్ళు శ్రుతసేనుడు, భీమసేనుడు, ఉగ్రసేనుడు పట్టుకుని కొడతారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. తల్లి వచ్చి అడుగుతుంది. జవాబు రాదు. శపించి వెళ్ళిపోతుంది.

సంస్కృత మూలంలో ఇక్కడ ఒక అద్భుతమైన చిన్న సంభాషణ ఉంది. దెబ్బలు తిని వచ్చిన కొడుకుని చూసి సరమ ముందుగా అనే మాట ఓదార్పు కాదు. నువ్వే ఏదో తప్పు చేసి ఉంటావు, అందుకే కొట్టారు అంటుంది. కొడుకు చెప్పుకుంటాడు: నేనేం చెయ్యలేదమ్మా, హవిస్సు వైపు చూడలేదు, నాకలేదు. అప్పుడు బయల్దేరుతుంది. పెద్దిళ్ళలో పనిచేసే తల్లి, ఆ ఇంటివాళ్ళు తన పిల్లాడిని కొట్టారని తెలిస్తే మొదట పిల్లాడినే అడుగుతుంది చూడండి, 'నువ్వేం చేసినవ్‌రా' అని. అచ్చం అదే. ఈ వరస రాసినవాడెవరో గాని కుక్కని చూసి రాయలేదు, మనుషుల్ని బాగా చూసి రాశాడు.

నన్నయ ఈ తల్లీకొడుకుల మాటల్ని కుదించేశాడు. అది నష్టమే. కానీ దానికి బదులు ఇంకోటి ఇచ్చాడు. సంస్కృతంలో సరమ శాపం సూటిగా ఆ మనుషులకే: ఏ తప్పూ చేయనివాణ్ణి కొట్టారు కాబట్టి కంటికి కనపడని భయం మీకు వస్తుంది, అంతే. నన్నయ సరమ అలా అనదు. ఆమె నోట ఒక కందపద్యం పెట్టాడు, అందులో శాపం కాస్తా సూత్రమైపోయింది. ఇది తగునా తగదా అని మనసులో ఆలోచించకుండా మంచివాళ్ళకీ పేదవాళ్ళకీ కీడు చేసే దుర్మార్గులెవరికైనా కారణం తెలియని భయాలు వచ్చి పడతాయి అని దాని సారం. మూలంలో లేని పేదవాళ్ళు ఇక్కడ ఎక్కడి నుంచి వచ్చారు? రాజరాజనరేంద్రుడి కొలువులో కూర్చుని, రాజు వింటుండగా, ఒక కుక్క ద్వారా నన్నయ ఆ మాట అనిపించాడు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని నన్నయ సూక్తిగా చూపిస్తారు, నిజంగా సూక్తే. కానీ మాట్లాడుతున్నది ఎవరో చెప్పకుండా చూపిస్తే అందులో సగం పోయినట్టు. పద్యాన్ని బోర్డు మీద రాసి, కుక్కని క్లాసు బయట నిలబెట్టినట్టు.

ఇంకో సంగతి. సరమకి మాట కొత్త కాదు. ఋగ్వేదం పదో మండలంలో ఆమె ఇంద్రుడి దూతగా పణుల దగ్గరికి వెళ్ళి, దొంగిలించిన ఆవుల గురించి వాళ్ళతో వాదిస్తుంది. అంటే ఆమె వృత్తిరీత్యా రాయబారి. అలాంటామె కొడుక్కే దిక్కులేకపోయింది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే సరమ టికెట్ రెయిజ్ చేసింది, జనమేజయుడు దాన్ని పరిష్కరించలేదు, పక్కదారి పట్టించాడు. ఏం చేశాడంటే, శాపానికి భయపడి హస్తినకి తిరిగొచ్చాక మంచి పురోహితుణ్ణి వెతుక్కున్నాడు. సోమశ్రవసుడు దొరికాడు. తమ్ముళ్ళని మందలించినట్టు లేదు, కుక్కపిల్ల దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. ఆ తర్వాత ఆ రాజే పాముల్ని కట్టలు కట్టలుగా నిప్పుల్లో వేయించే యాగం చేశాడు, ఆ యాగంలోనే భారతమంతా విన్నాడు. జంతువుకి జరిగిన అన్యాయాన్ని పట్టించుకోనివాడు జంతుజాతినే తుడిచేయబోవడం యాదృచ్ఛికం అని నేననుకోను. నన్నయ కూడా అనుకోలేదేమో.

అదే ఆదిపర్వంలో ఇంకో కుక్క ఉంది, దాని గురించి మనం అసలు మాట్లాడం. ఏకలవ్యుడు ఏడు బాణాలతో నోరు మూసింది పాండవుల వేటకుక్కది. బొటనవేలి గురించి తెలుగులో ఎంత రాశారో లెక్కలేదు, రాయాల్సిందే. నాకు మాత్రం ఆ దృశ్యంలో మరోటి కూడా కనిపిస్తుంది. అడవిలో మనిషిని చూసి మొరిగింది కుక్క, ఎందుకంటే దాన్ని పెంచినవాళ్ళు అలా పెంచారు. ఏకలవ్యుడి ముందు అర్జునుడు లేడు, ద్రోణుడు లేడు, వాళ్ళ కుక్క మాత్రమే ఉంది. దొరలతో తెగాల్సిన లెక్క దొర కుక్క నోట్లో తేలింది. ఆ నోటితోనే అది తిరిగి వెళ్ళి, తన యజమానులకి ఒక విలుకాడి గొప్పతనాన్ని సాక్ష్యంగా చూపించి, ఆ విలుకాడి వేలు పోవడానికి కారణమైంది. ఒక్క మాట మాట్లాడకుండా! సరమకి నోరిచ్చిన పర్వమే ఈ కుక్కకి నోరు కుట్టేసింది.

ఇక చివరి కుక్క. ద్రౌపది పడిపోయింది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోయారు, కుక్క పడలేదు. ఇంద్రుడు రథం తెచ్చి కుక్కని వదిలి ఎక్కమన్నాడు. తమ్ముళ్ళనీ భార్యనీ వదిలేసినవాడివి కుక్కని వదలలేవా అన్నాడు. ఇది చాలా పదునైన ప్రశ్న. ధర్మరాజు జవాబు కూడా లాయరు జవాబులా ఉంటుంది: వాళ్ళు చనిపోయారు, బతికుండగా నేను వదల్లేదు, ఇది బతికుంది, నన్ను నమ్ముకుంది. తిక్కన తెలుగులో ఈ ఘట్టం దగ్గర ఎవరికైనా గొంతు పట్టుకుంటుంది. సరిగ్గా అక్కడే కథ మనల్ని మోసం చేస్తుంది. కుక్క యమధర్మరాజుగా మారిపోయి, శభాష్, పరీక్షలో నెగ్గావు అంటుంది. అంటే హస్తిన నుంచి హిమాలయం దాకా నడిచింది కుక్క కాదు, కుక్క వేషంలో ఉన్న పరీక్షాధికారి. స్వర్గంలోకి కుక్క వెళ్ళిందా అంటే, లేదు. ఇంద్రుడి రూలు చివరికి చెక్కుచెదరలేదు.

నాకు ఈ రెండు కుక్కల మధ్య తేడా చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ధర్మరాజు కుక్క మనిషి గొప్పతనాన్ని కొలిచే తూకంరాయి. సరమ ఎవర్నీ కొలవడానికి రాలేదు, తన పని మీద తను వచ్చింది. లోకం మొదటిదాన్నే గుర్తుపెట్టుకుంది. హచికో సంగతి చూడండి. 1925లో యజమాని చనిపోతే 1935లో తను చనిపోయేదాకా షిబుయా స్టేషన్ దగ్గర ఎదురుచూసిందని విగ్రహం కట్టారు, అదీ అది బతికుండగానే, 1934లో. నిప్పర్ అయితే చనిపోయాక బొమ్మగా మారి, రికార్డు కంపెనీకి గుర్తై, మన తాతల ఇళ్ళల్లో కూడా 'కుక్క బొమ్మ రికార్డు'గా తిరిగింది. విశ్వాసం, ఎదురుచూపు, వినడం. పేరు రావాలంటే కుక్క చేయాల్సిన పనులివే. లైకా కథే కొంచెం వేరు. మాస్కో వీధుల్లోంచి పట్టుకొచ్చిన ఊరకుక్క. 1957 నవంబర్ 3న స్పుత్నిక్-2లో ఎక్కించారు, దించే ఏర్పాటు మొదట్నుంచీ లేదు. కొన్ని గంటల్లోనే వేడికి చనిపోయిందన్న నిజం 2002 దాకా బయటికి రాలేదు. వీధికుక్కనే ఎందుకు ఎంచుకున్నారంటే చలినీ ఆకలినీ తట్టుకోవడం దానికి అలవాటు కాబట్టి. ఆ తర్కం విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మన భాషలో కుక్కకి గౌరవం ఎవరిది అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. పోలీసులదైతే పేపర్లో 'జాగిలం'. డబ్బున్నవాళ్ళదైతే 'పెంపుడు శునకం'. ఎవరిదీ కాకపోతే 'వీధికుక్క'. వెటకారానికి 'గ్రామసింహం'. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న శతకాల్లో కుక్క పని ఒక్కటే, నీచుడికి పోలిక కావడం. బంగారు సింహాసనం ఎక్కించినా బుద్ధి మారదని సుమతీ శతకం, చెరకు తీపి దానికేం తెలుసని వేమన. సుమతీ శతకకర్త బద్దెన కాకతీయుల కాలంవాడని అంటారు కాబట్టి ఆ తిట్టులో మా ఓరుగల్లు వాటా కూడా ఉందనుకోవాలి. ఆ పక్కనే ఐనవోలులో మల్లన్న జాతరకి జనం పోటెత్తుతారు. ఆ మల్లన్ననే మహారాష్ట్రలో ఖండోబా అంటారు, అక్కడి బొమ్మల్లో ఆయన గుర్రం పక్కన కుక్క ఉంటుంది. గుడి ఒప్పుకున్నదాన్ని బడి ఒప్పుకోలేదు.

శ్రీశ్రీ 'ఋక్కులు'లో అగ్గిపుల్లనీ సబ్బునీ పక్కన పెట్టి కుక్కపిల్లని కవిత్వంలోకి పిలిచాడు కదా అనొచ్చు. నిజమే, పైగా ఆ పుస్తకం పేరు 'మహాప్రస్థానం', కుక్క స్వర్గం దాకా నడిచిన పర్వం పేరు. ఈ సంబంధం ఆయన ఉద్దేశించాడో లేదో నేను వాదించను. కానీ గమనించండి, పిలిచింది ఎవరితో కలిపి? రెండు సామాన్లతో కలిపి. తెలుగులో 'వస్తువు' అంటే సామానూ, కవిత్వానికి విషయమూ రెండూను. కుక్కపిల్ల ఆ రెండర్థాల్లోనూ వస్తువే అయింది. హీనంగా చూడొద్దని చెప్పడం గొప్ప విషయమే, కానీ అది చూసేవాడికి చెప్పిన మాట. కుక్కపిల్ల ఇంకా ఏమీ అనలేదు.

సినిమాల్లోకి వస్తే, 'ప్రేమాలయం'లో చీటీ మోసి పెళ్ళి మార్చేసిన టఫీ లాంటివాటిని వదిలేద్దాం, అవి క్యూట్‌నెస్ డిపార్ట్‌మెంట్. మాట్లాడాల్సింది 2022లో తెలుగులోనూ వచ్చిన '777 చార్లి' గురించి. కన్నడ దర్శకుడు కిరణ్‌రాజ్ తీశాడు, రక్షిత్ శెట్టి హీరో. హీరో పేరు ధర్మ. ఒంటరివాడు. ఒక లాబ్రడార్‌తో ఉత్తరాన మంచుకొండల వైపు ప్రయాణం. పేరు పెట్టినవాళ్ళకి భారతం తెలియక కాదు. కానీ అక్కడ పడిపోయేది మనుషులు, ఇక్కడ పడిపోయేది కుక్క. వేషం తీసేసి దేవుడెవరూ బయటికి రాడు. కుక్క కుక్కలాగే, జబ్బుతో, చనిపోతుంది. ఆ జబ్బు కూడా విధి కాదు, డబ్బు కోసం కుక్కల్ని ఒకే రక్తంలో కలిపి పిల్లల్ని పెట్టించిన మనిషి చేసిన పని. ఈ ఒక్క మలుపు వల్ల సినిమా నాకు తిక్కన కంటే నన్నయకి దగ్గరగా అనిపించింది, ఎందుకంటే ఇందులో నేరస్తుడు ఉన్నాడు. అయితే సినిమా దాన్ని పూర్తిగా నమ్ముకోలేదు. పాటలతో, స్లోమోషన్‌తో ఏడిపించడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టింది, ఒక అరగంట కోసేయొచ్చు కూడా. పైగా లాబ్రడార్ కాబట్టి ఏడ్చాం. అదే ఎముకలు తేలిన, గజ్జి పట్టిన మన గల్లీ కుక్క అయితే టికెట్లు తెగేవా?

ఈ ప్రశ్న మా ఊళ్ళో ఊహాజనితం కాదు. 2023 మేలో కాజీపేటలో రైల్వే క్వార్టర్స్ దగ్గర పొట్టకూటి కోసం వలస వచ్చిన కుటుంబంలోని పిల్లాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. 2026 జనవరిలో హనుమకొండ జిల్లా శాయంపేట, ఆరెపల్లి గ్రామాల్లో వందల కుక్కల్ని చంపారన్న ఫిర్యాదు మీద పోలీసులు కేసు పెట్టారు. ఈ మధ్యలో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమని 2025 ఆగస్టు 11న చెప్పి, 22న దాన్ని మార్చి, ఆపరేషన్ చేసి టీకా వేసి ఎక్కడివక్కడే వదలమంది, రేబిస్ ఉన్నవాటినీ మీద పడేవాటినీ తప్ప. ఈ తగువులో పిల్లాడి తల్లి పక్కన నిలబడితే కుక్కలకి వ్యతిరేకమనీ, కుక్కల పక్కన నిలబడితే పేదల పిల్లలంటే లెక్కలేదనీ వాట్సాప్‌లో రెండు గుంపులు కొట్టుకుంటాయి. గేటెడ్ కమ్యూనిటీలో ఉండి బిస్కెట్లు వేసేవాళ్ళకి రాత్రిపూట నడిచి ఇంటికొచ్చేవాళ్ళ భయం తెలియదన్న మాటలో నిజముంది. చెత్త ఎత్తకుండా, ఆపరేషన్లకి డబ్బులివ్వకుండా ఊరుకుని చివర్లో విషం ఇవ్వడం చవకైన దారి అన్నదీ నిజమే.

నన్నయ పద్యంలో 'సాధులు', 'పేదలు' రెండు మాటలూ ఒకే క్రియ కింద ఉన్నాయి. కుక్కపిల్ల కోసం వచ్చిన తల్లి పేదవాళ్ళ పేరు కూడా కలిపి చెప్పింది, ఒకరికి బదులు ఇంకొకరిని కాదు. తగునా తగదా అని ఆలోచించాల్సింది ఎవరు అన్నదీ ఆమె స్పష్టంగానే చెప్పింది: యాగం చేయిస్తున్నవాడు, అతని తమ్ముళ్ళు, అంటే చేతిలో కర్ర ఉన్నవాళ్ళు. టిటిడి వ్యాఖ్యానంతో వేసిన కవిత్రయ భారతం మొదటి సంపుటంలో, ప్రథమాశ్వాసంలోనే ఈ ఘట్టం దొరుకుతుంది, వచనం పద్యం కలిపి ఒకటి రెండు పేజీలు కూడా ఉండదు. చదివాక ఉదంకుడి కథలోకి వెళ్ళేముందు ఒక్కసారి ఆగి వెతకండి, సారమేయుడి దెబ్బలకి ఎవరైనా మందు రాశారేమో. నాకు మాత్రం ఎక్కడా కనపడలేదు.