పలకకు ముందు బంకమట్టి

ఇంట్లో గవ్వలు ఒత్తే రోజున పిల్లల్ని వంటింట్లోంచి పంపేయకండి. గోలీ అంత పిండి ఉండను గవ్వల చెక్క మీద పెట్టి బొటనవేలితో నొక్కుతూ జరిపితే అది గీతలు పడుతూ చుట్టుకుంటుంది. గట్టిగా నొక్కితే చిరుగుతుంది, మెత్తగా నొక్కితే చుట్టుకోదు. ఎక్కడ ఎంత బలం పెట్టాలో వేలు తనంతట తానే తెలుసుకుంటుంది. రేపు పెన్సిల్ పట్టే చేతికి కావలసింది ఆ తెలివిడే.

వినాయక చవితి వంటలోనూ ఈ చదువుంది. పాలతాలికలకు పిండిని పొడుగ్గా తాలుస్తాం, ఉండ్రాళ్లకు గుండ్రంగా చుడతాం. బంకమట్టి ఆటలో తొలి పాఠాలూ ఆ రెండే. అరచేతిని ముందుకీ వెనక్కీ కదిపితే చాలు కాబట్టి మూడేళ్ల పిల్లలు పామును ఇట్టే చేసేస్తారు. ఉండ అలా కాదు. రెండు చేతులూ కలిసి గుండ్రంగా తిరగాలి, ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పడాలి. మొదట్లో కోడిగుడ్డు లాంటిదే వస్తుంది. దిద్దకండి, రానివ్వండి.

ఆ తర్వాతది ప్రమిద. నా దృష్టిలో చేతికి ఇంతకన్నా మంచి కసరత్తు లేదు. మట్టి ముద్దను ఎడమ అరచేతిలో పెట్టుకుని, మధ్యలో కుడి బొటనవేలు గుచ్చాలి. బొటనవేలు లోపల, చూపుడువేలు, నడిమివేలు బయట ఉంచి, చిటికెలతో నొక్కుతూ ముద్దను కొద్దికొద్దిగా తిప్పాలి. గోడ పలచబడుతూ పైకి లేస్తుంది. పెన్సిల్‌ను పట్టేవీ ఆ మూడు వేళ్లే. ముద్దను తిప్పే ఎడమ చెయ్యి, రేపు రాసేటప్పుడు కాగితాన్ని కదలకుండా పట్టుకునే పని నేర్చుకుంటుంది.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి మృదులాస్థిగానే ఉంటాయి. ఒక్కొక్కటిగా గట్టిపడుతూ అన్నీ ఎముకలయ్యేసరికి 8 నుంచి 12 ఏళ్లు పడుతుంది. అలాంటి చేతికి మూడేళ్లకే నాలుగు గీతల పుస్తకం ఇచ్చి, అక్షరం వంకర పోయిందని కోప్పడటం అన్యాయం. 1907లో రోమ్‌లో పసిపిల్లల బడి తెరిచిన మరియా మాంటిస్సోరి, రాయించడానికి ముందు చేతిని సిద్ధం చేయాలన్నారు. ఆమె బడిలో పిల్లలు మట్టితో చిన్న పాత్రలు చేసేవారు. 1939లో ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చి, మన ఉపాధ్యాయులకు స్వయంగా శిక్షణ ఇచ్చారు.

మట్టి విషయానికొస్తే చెరువు బంకమట్టి మేలు. రాళ్లూ వేర్లూ ఏరి, రాత్రంతా నానబెట్టి, బాగా పిసకాలి. అరచేతికి అంటుకుంటే నీళ్లెక్కువయ్యాయని, తాల్చేటప్పుడు పగుళ్లొస్తే తక్కువయ్యాయని గుర్తు. పిసికే పని పిల్లలకే ఇవ్వండి, భుజం నుంచి వేలికొస దాకా అన్నీ పని చేస్తాయి. మట్టి దొరకని అపార్ట్‌మెంట్లలో రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, చెంచా నూనె, సరిపడా నీళ్లు కలిపితే చాలు. అందులో ఉప్పెక్కువ, నోట్లో పెట్టుకునే వయసు పిల్లల దగ్గర వదిలి వెళ్లకండి.

ఈ చవితికి మీ పిల్లల చేతికి ఓ మట్టి ముద్ద ఇవ్వండి. పెద్ద ఉండ పొట్ట, చిన్న ఉండ తల, తాలిక తొండం. అతికే చోట పుల్లతో గీతలు గీసి, జారుగా కలిపిన మట్టి పూస్తే ఊడిపోదు. ఎండలో పెడితే పగులుతుంది, నీడన ఆరనివ్వండి. తొండం ఎటు తిరగాలన్నది మాత్రం వాళ్లకే వదిలేయండి.